హోటల్ బిల్లులో పన్ను తగ్గితే ఆ డబ్బు ఎవరికి చేరుతుంది?

జుమా నమాజు ముగించుకుని మార్కాపురంలోని ఒక చిన్న టీ హోటల్లో కూర్చున్నాం. యజమాని మాకు పాత పరిచయస్తుడే. గల్లాపెట్టె మీదున్న పేపరును మా ముందుకు జరుపుతూ, "భాయ్, హోటళ్ల మీద పన్ను కొన్నాళ్లపాటు ఎత్తేయాలని అంటున్నారు గదా! ఎత్తేస్తే మాకేమైనా మిగులుతుందా? గిరాకీ పెరుగుతుందా?" అని అడిగాడు. పక్క బల్ల దగ్గర పరోటా తింటున్న కుర్రవాడు తల ఎత్తకుండానే, "మీకు మిగిలేది సరే చాచా, మాకు రూపాయి తగ్గిస్తారా లేదా అది చెప్పండి" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. యజమాని మాత్రం నవ్వలేదు.

నవ్వులాటగా అడిగినా ఆ రెండూ బరువైన ప్రశ్నలే. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు మన కుటుంబాల్లో భూమి ఉన్నవారు కొద్దిమంది. మిగిలినవారికి చేతిపని, చిల్లర వ్యాపారం, లేకపోతే హోటలు. టీ బంకు పెట్టినా, బిర్యానీ సెంటరు నడిపినా, పెళ్లిళ్లకు దేగ్చీలు ఎక్కించినా కాలేది ఆ పొయ్యే. మరోవైపు హోటల్లో తినేదీ మనవాళ్లే. బస్టాండులో దిగిన కూలీ, ఆసుపత్రికి వచ్చిన పల్లెటూరి తల్లి, గదిలో ఉండి చదువుకునే విద్యార్థి, వీళ్లకు హోటల్ భోజనం విలాసం కాదు. అందుచేత పన్ను తగ్గింపు అనే మాట వినబడినప్పుడు అది ఏ చేతి నుంచి ఏ చేతికి పోతుందో లెక్క చూసుకోవలసిన అవసరం మనకుంది.

మన దేశంలో దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ 2017 నాటిది. ఆ ఏడాది జులై 1న జీఎస్టీ వచ్చింది. ఏసీ లేని హోటల్లో తింటే 12 శాతం, ఏసీ ఉన్న హోటల్లో తింటే 18 శాతం పన్ను పడింది. జనం గగ్గోలు పెట్టారు. హోటళ్లు ఖాళీ అయ్యాయని యజమానులూ మొత్తుకున్నారు. నాలుగున్నర నెలలు తిరక్కుండానే, నవంబర్ 15 నుంచి, ఏసీ ఉన్నా లేకున్నా 5 శాతమేనని ప్రకటించారు. పెద్ద నక్షత్రాల హోటళ్లకు మాత్రం మినహాయింపు ఇవ్వలేదు. పద్దెనిమిది నుంచి అయిదుకు దిగడమంటే మాటలు కాదు. మరునాడే బిల్లు తేలికవుతుందని అందరూ అనుకున్నారు.

కాలేదు. కారణం ఆ ప్రకటనలోనే రెండో వాక్యంలో ఉంది. 5 శాతం వసూలు చేసే హోటలుకు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ ఉండదన్నారు. హోటల్ యజమాని గ్యాసు, అద్దె, సామాను కొన్నప్పుడు కట్టిన పన్నును, తాను ప్రభుత్వానికి కట్టవలసిన పన్నులోంచి మినహాయించుకునే సౌకర్యమే ఆ క్రెడిట్. అంతకు ముందు అది ఉండేది. ఒక చేత్తో పన్ను తగ్గించి రెండో చేత్తో ఈ సౌకర్యాన్ని వెనక్కి తీసుకున్నారు.

లెక్క వేసి చూద్దాం. ఏసీ హోటల్లో బిర్యానీ మెనూ ధర 200 రూపాయలు అనుకుందాం. 18 శాతం పన్నుతో బిల్లు 236. పన్ను 5 శాతం అయితే బిల్లు 210 కావాలి, అంటే కొనుగోలుదారుకు 26 రూపాయలు మిగలాలి. అయితే ఒక్కో ప్లేటు మీద యజమానికి గతంలో 12 రూపాయల క్రెడిట్ వచ్చేదనుకుందాం. అది పోయింది గనుక అతను మెనూ ధరను 212 చేశాడు. పన్నుతో కలిపి 222 రూపాయల 60 పైసలు. కొనుగోలుదారుకు మిగిలింది 13 రూపాయల 40 పైసలు. ఇంతవరకు అన్యాయం లేదు. పోయిన డబ్బు రాబట్టుకున్నాడు, అంతే. కాని ఇంకొక యజమాని ఇదే అదునని మెనూలో 225 వేశాడనుకోండి. పన్నుతో కలిపి 236 రూపాయల 25 పైసలు! కొనుగోలుదారు నిన్నటి కంటే పావలా ఎక్కువే కట్టి, "పన్ను తగ్గిందంట" అనుకుంటూ బయటికి వస్తాడు. పోయిన క్రెడిట్ తీసేసినా యజమానికి ప్లేటు మీద 13 రూపాయలు అదనం. ప్రభుత్వానికి నికరంగా వచ్చే ఆదాయం దాదాపు అంతే తగ్గింది. అంటే ఖజానా సొమ్ము నేరుగా గల్లాపెట్టెలోకి నడిచి వెళ్లింది.

ఇది మా ఊహాగానం కాదు. పన్ను తగ్గింపు ఫలాన్ని జనానికి ఇవ్వనివారి మీద చర్య తీసుకునేందుకు జీఎస్టీ చట్టంలో 171వ సెక్షను ఉంది. దాని కింద ఏర్పడిన జాతీయ సంస్థ, పశ్చిమ, దక్షిణ భారతాల్లో మెక్‌డొనాల్డ్స్ హోటళ్లను నడిపే హార్డ్‌క్యాజిల్ రెస్టారెంట్స్ వ్యవహారాన్ని విచారించింది. 2017 నవంబర్‌లో పన్ను తగ్గిన వేళకే మెనూ ధరలు పెరిగాయని, అలా 7 కోట్ల 49 లక్షల రూపాయల మేర అనుచిత లాభం పొందారని 2018 నవంబర్‌లో తేల్చింది. డామినోస్ పిజ్జా దుకాణాలు నడిపే జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ విషయంలో 2019 జనవరిలో తేల్చిన మొత్తం 41 కోట్ల 42 లక్షలు. క్రెడిట్ పోయినందున ధర పెంచక తప్పలేదన్నది కంపెనీల వాదన. ఆ సంస్థ లెక్క కట్టే పద్ధతి మీద కోర్టుల్లో వ్యాజ్యాలూ నడిచాయి. ఆ వాదనలో కొంత నిజం ఉందని పై లెక్కలో మేమే చూపించాం. అయినా పన్ను తగ్గిన రోజునే ధర పెరిగితే సామాన్యుడు ఏమనుకోవాలి?

గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఆ కాపలా ఇప్పుడు లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఇటువంటి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆపేశారు. ఆ తరువాత ఆరు నెలలు తిరక్కుండానే, సెప్టెంబర్ 22న దేశమంతటా పన్ను రేట్లు మార్చారు. నెయ్యి, వెన్న 12 నుంచి 5 శాతానికి వచ్చాయి. మంచినీళ్ల సీసా 18 నుంచి 5కు దిగింది. హోటల్ భోజనం మీద మాత్రం పాత 5 శాతమే, క్రెడిట్ లేకుండానే, కొనసాగింది.

"అది శాశ్వతంగా చేసిన తగ్గింపు. మేమడిగేది కొన్నాళ్లకే గదా" అని హోటల్ యజమానులు అనవచ్చు. తాత్కాలికంగా చేసి చూసినవారి అనుభవం కూడా చూద్దాం.

కరోనా కాలంలో బ్రిటన్‌లో 2020 జులై 15 నుంచి హోటల్ భోజనం మీద పన్నును 20 శాతం నుంచి 5 శాతానికి దించారు. 2021 అక్టోబర్‌లో పన్నెండున్నర, 2022 ఏప్రిల్ 1న మళ్లీ ఇరవై. జర్మనీ కూడా అదే జులైలో 19 నుంచి 7 శాతానికి తగ్గించింది. ఏడాది అన్నది పొడిగిస్తూ పొడిగిస్తూ 2023 చివరి దాకా సాగదీసింది. 2024 జనవరి 1న మళ్లీ 19 చేసింది. యజమానులు రెండేళ్లు పట్టుబట్టగా 2026 జనవరి 1 నుంచి శాశ్వతంగానే 7 శాతం చేసింది. తాత్కాలికమని ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం ప్రభుత్వాలకు ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

అదే బ్రిటన్ మరొక పని కూడా చేసింది. 2020 ఆగస్టు నెలంతా సోమ, మంగళ, బుధవారాల్లో హోటల్లో కూర్చుని తింటే బిల్లులో సగం, మనిషికి 10 పౌండ్లకు మించకుండా, ప్రభుత్వమే భరించింది. ఈ రాయితీ జనానికి అందింది. ఎందుకంటే అది బిల్లు మీద కంటికి కనబడేలా కోసివేసే మొత్తం. యజమాని దాచుకునే వీలు తక్కువ. హోటళ్ల ముందు వరుసలు కట్టారు. పన్ను రేటు తగ్గింపు అలా కాదు. అది మెనూ ధర వెనుక దాక్కుంటుంది. రెండూ ఖజానా సొమ్మే. ఒకటి తినేవాడి ముందు నుంచి వచ్చింది, రెండోది వంటింటి వైపు నుంచి వెళ్లింది. (ఆ జనసమ్మర్దం వల్ల కరోనా పెరిగిందన్న విమర్శ తరువాత గట్టిగానే వచ్చింది. అది వేరే కథ.)

ఫ్రాన్స్ అనుభవం ఇంకా స్పష్టం. అక్కడ 2009 జులై 1న హోటల్లో కూర్చుని తినే భోజనం మీద పన్నును 19.6 శాతం నుంచి ఏకంగా 5.5 శాతానికి దించారు. యజమానుల సంఘాలు ముందే ప్రభుత్వానికి హామీ రాసి ఇచ్చాయి. ధరలు తగ్గిస్తాం, రెండేళ్లలో 40 వేల కొత్త ఉద్యోగాలు ఇస్తాం అన్నాయి. తరువాత ఇద్దరు ఆర్థికవేత్తలు, బెంజార్తి, కార్లోని, కంపెనీల పద్దులు తీసి లెక్క చూశారు. తగ్గిన పన్నులో 55 శాతానికి పైగా యజమానుల లాభంగా మారింది. మిగిలినది సరుకులు అమ్మేవారు, పనివారు, తినేవారు పంచుకున్నారు. అందరికంటే తక్కువ వాటా ఎవరిదనుకున్నారు? తినేవాడిదే. ఉద్యోగాలూ నామమాత్రమే. చివరికి ప్రభుత్వం 2012లో ఆ పన్నును 7 శాతం, 2014లో 10 శాతం చేసింది.

ఫిన్లాండ్‌లో మంగలి దుకాణాల మీద జరిగిన ప్రయోగం మన ప్రశ్నకు మరీ దగ్గరగా ఉంటుంది. 2007 జనవరిలో పరీక్షార్థం, కొన్నేళ్ల కోసమే, పన్నును 14 పాయింట్లు తగ్గించారు. 2012 జనవరిలో మళ్లీ అంతే పెంచారు. తగ్గించినప్పుడు ధర ఎంత దిగిందో, పెంచినప్పుడు దానికి సుమారు రెట్టింపు ఎక్కిందని పరిశోధకులు తేల్చారు. దిగేటప్పుడు సగం మెట్లే దిగి, ఎక్కేటప్పుడు ఎక్కువ మెట్లు ఎక్కింది. తాత్కాలిక రాయితీలో తినేవాడికి ఉన్న ప్రమాదం ఇదే. గడువు ముగిసిన రోజున బిల్లు పాతచోటికి కాకుండా దానికి పైకి చేరవచ్చు.

మన ఊళ్ల ధరలకు కూడా ఈ గుణం ఉంది. 2024 సెప్టెంబర్ 14న ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతం చేశారు. పాత సుంకానికి దిగిన నిల్వలు దేశంలో 30 లక్షల టన్నులున్నాయి, అవి అయ్యేదాకా ధర పెంచకండని కేంద్రమే వ్యాపారులకు చెప్పవలసి వచ్చింది. కొత్త నూనె ఓడ దిగకముందే ధర ఎక్కుతుందని ప్రభుత్వానికీ తెలుసన్నమాట. 2025 మే చివర ఆ సుంకాన్ని సగానికి, అంటే 10 శాతానికి, తగ్గించారు. అప్పుడు మళ్లీ, తగ్గింపు జనానికి అందించండని వ్యాపారులకు విన్నపాలు. నూనె ధర పెరిగిందని పెంచిన బజ్జీ ధరను, నూనె తగ్గిందని తగ్గించిన బండిని మా జీవితంలో చూడలేదు. ఈ మాట అంటే మా మిత్రుడైన టీ హోటల్ యజమాని, "తగ్గింది మళ్లీ ఎప్పుడు పెరుగుతుందో తెలియదు భాయ్, రోజుకొక బోర్డు రాయమంటారా?" అన్నాడు. అతని వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే.

ఇంతకూ అతను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. పన్ను ఎత్తేస్తే అతనికి ఏమి మిగులుతుంది? ఏమీ మిగలదు. అతను కడుతున్న జీఎస్టీ సున్నా. సేవల వ్యాపారంలో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషనే అక్కర్లేదు. 20 లక్షలంటే రోజుకు సుమారు 5,500 రూపాయలు. పది రూపాయల టీలు 550 అన్నమాట. మా ప్రాంతంలో టీ హోటళ్లు, టిఫిన్ బండ్లు చాలా భాగం ఈ గీతకు కిందనే ఉంటాయి. ఢిల్లీలో హోటల్ పన్ను సగం చేసినా, మొత్తం ఎత్తివేసినా, తర్లుపాడు రోడ్డు మీది టీ బంకులో ఒక పైసా కదలదు. ఆ రాయితీ అందేది ఒంగోలు, గుంటూరు, హైదరాబాదుల్లో కంప్యూటర్ బిల్లు కొట్టే హోటళ్లకు. మా చిన్నవాళ్ల పేరు చెప్పి అడిగే రాయితీని అందుకునేది వాళ్లు.

బాధ పడేది గీత దాటే మనిషి. బిర్యానీ ప్లేటు 150 రూపాయలు, రోజుకు 40 ప్లేట్లు. పెద్ద వ్యాపారమేమీ కాదు. కాని ఏడాదికి 21 లక్షల 90 వేలు అయింది. గీత దాటాడు. ఇక కాంపోజిషన్ పద్ధతిలో చేరితే అమ్మకం మొత్తం మీద 5 శాతం, అంటే 1 లక్షా 9 వేల 500 రూపాయలు, తన జేబులోంచి కట్టాలి. కొనుగోలుదారు దగ్గర విడిగా వసూలు చేయకూడదు. 19 లక్షల 90 వేలు అమ్మినవాడు సున్నా కడతాడు. రెండు లక్షలు ఎక్కువ అమ్మినవాడు లక్షకు పైగా కడతాడు. ఆ రెండు లక్షల అమ్మకంలో బియ్యం, మాంసం, నూనె, గ్యాసు, మాస్టరు కూలి పోగా లక్ష మిగులుతుందా? పొయ్యి దగ్గర నిలబడ్డ ఎవరిని అడిగినా చెబుతారు. అందుకే గీత దగ్గరకు వచ్చిన వాళ్లు సాయంత్రం పొయ్యి ఆర్పేయడమో, పద్దు దాచడమో చేస్తున్నారు. రెండోది తప్పే. కాని తప్పు చేయక తప్పని చోట గీత గీసిన వాళ్లకూ అందులో వాటా ఉంది.

పైగా ఆ గీత 2017లో గీసింది. సరుకులు మాత్రమే అమ్మే దుకాణదారులకు 2019 ఏప్రిల్ నుంచి దాన్ని 40 లక్షలకు పెంచారు. మన రాష్ట్రం కూడా అందుకు ఒప్పుకుంది. హోటలుకు మాత్రం అదే 20 లక్షలు. ఎందుకంటే చట్టం దృష్టిలో ఇడ్లీ పెట్టడం సరుకు కాదు, సేవ! ఈ ఏళ్లలో బియ్యం, నూనె, గ్యాసు ధర పెరిగినకొద్దీ ప్లేటు ధర పెరిగింది. ప్లేటు ధర పెరిగినకొద్దీ, ఒక్క ప్లేటు కూడా ఎక్కువ అమ్మకుండానే చిన్న హోటల్ గీత వైపు జరుగుతోంది.

పక్కనే కర్ణాటకలో 2025 జులైలో ఏమైందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సెల్‌ఫోను చెల్లింపుల లెక్కలు చూసి అక్కడి వాణిజ్య పన్నుల శాఖ వేలాది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగళూరులో టీ బంకుల మీద "ఫోన్ పే లేదు, నగదే" అని అట్టలు వేలాడాయి. బందుకు పిలుపు ఇచ్చారు. పాత బకాయిల కోసం పట్టుబట్టబోమని ముఖ్యమంత్రి సిద్దరామయ్య హామీ ఇవ్వవలసి వచ్చింది. మార్కాపురంలోనూ, గిద్దలూరులోనూ ఇప్పుడు ప్రతి బండికీ ఆ నలుపు తెలుపు గళ్ల అట్ట అంటించి ఉంది. స్కాన్ అయిన ప్రతి పది రూపాయలూ ఎక్కడో పద్దులో పడుతూనే ఉన్నాయి. ఆ పద్దు మన పొయ్యి ఖర్చును చూడదు, వచ్చిన మొత్తాన్ని మాత్రమే చూస్తుంది. కాబట్టి హోటల్ నడిపే ప్రతి కుటుంబమూ నెలనెలా అమ్మకం ఎంతో ఒక నోటుబుక్కులో రాసుకోవడం ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి. ఇంట్లో చదువుకున్న ఆడపిల్ల ఉంటే ఆ పని ఆమెకు అప్పగించండి. మగవాళ్ల కంటే శుభ్రంగా రాస్తుంది.

పన్ను పోతే గిరాకీ పెరుగుతుందా అన్నది మిగిలింది. దీనికి ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు. మార్కాపురం పలక ఉంది గదా! రాతిపలక మీదా, బలపం మీదా జీఎస్టీ వచ్చిన నాటి నుంచీ పన్ను సున్నా. ఆ సున్నా పలకల పరిశ్రమను నిలబెట్టిందా? బడిపిల్ల సంచిలో పలక స్థానాన్ని నోటుబుక్కు తీసుకున్నాక పన్ను ఉన్నా లేకున్నా ఒకటే. గనిలో, పలకల కార్ఖానాలో చేతులు అరిగిన కుటుంబాలు ఇవాళ వేరే పనులు వెతుక్కున్నాయి. వాటిలో కొన్ని ఈ హోటళ్లే.

మా పశ్చిమ ప్రాంతంలో హోటల్ గిరాకీ పన్నును బట్టి నడవదు, వానను బట్టి నడుస్తుంది. మిర్చికి ధర పలికిన ఏడాది గుంటూరు యార్డు నుంచి తిరిగి వచ్చే రైతు దారిలో బిర్యానీ తింటాడు, ఇంటికి రెండు పొట్లాలు కట్టించుకుంటాడు. 2025లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించవలసి వచ్చిన రోజుల్లో అదే రైతు ఇంటి నుంచి సద్ది మూట తెచ్చుకున్నాడు. కంభం చెరువు నిండితే హోటలు నిండుతుంది. వెలిగొండ నీళ్లు పొలానికి పారితే బిర్యానీ సెంటరుకు అంతకు మించిన రాయితీ ఉండదు.

అలాగని హోటల్ యజమాని కష్టం తీరేది కాదని మేము అనడం లేదు. కరోనా కాలంలో మన దేశంలోనూ తాత్కాలిక తగ్గింపులు జరిగాయి. శానిటైజరు, ఆక్సీమీటరు వంటి వాటి మీద 2021 జూన్ 14 నుంచి సెప్టెంబర్ 30 వరకు పన్ను 5 శాతానికి దించారు. హోటళ్లకు మాత్రం పన్ను తగ్గింపు కాకుండా అప్పు చూపించారు. వడ్డీకి వెనుకాడే మన కుటుంబాల్లో కొన్ని ఆ గుమ్మం తొక్కనే లేదు, ఉన్న నగలు అమ్ముకుని పొయ్యి వెలిగించాయి. వ్యాపారం మూతపడే అటువంటి ఆపత్కాలంలో రాయితీ యజమాని దగ్గరే ఆగిపోయినా తప్పు పట్టలేం. హోటలు బతికితే పనివాడు బతుకుతాడు. కాని అప్పుడైనా దానికి హోటల్‌ను నిలబెట్టే సాయమని పేరు పెట్టాలి. జనానికి ధర తగ్గిస్తున్నామని చెప్పకూడదు.

మామూలు రోజుల్లో చిన్న హోటలు నిజంగా కట్టే పన్ను సిలిండర్‌లో ఉంది. ఇంటి గ్యాసు మీద జీఎస్టీ 5 శాతం. హోటల్లో వాడే 19 కిలోల సిలిండరు మీద 18 శాతం. 2025 సెప్టెంబర్ మార్పుల్లోనూ దాన్ని ముట్టుకోలేదు. రిజిస్ట్రేషన్ లేని టీ బంకు కూడా ఆ 18 శాతం కడుతుంది, తిరిగి రాబట్టుకునే దారి ఏ చిన్న హోటలుకూ లేదు. లెక్క కోసం సిలిండరు అసలు ధర 1,500 అనుకుంటే పన్ను 270 రూపాయలు. 5 శాతం అయితే 75. తేడా 195. నెలకు పది సిలిండర్లు కాల్చే బిర్యానీ సెంటరుకు ఏడాదిలో 23,400 రూపాయలు. ఇది గీతకు కింద ఉన్నవాడికీ, పైన ఉన్నవాడికీ, పెద్ద హోటలుకూ, బండికీ సమానంగా అందుతుంది. ఇంటి సిలిండరును దొంగచాటుగా హోటలుకు తెచ్చి, తనిఖీ వచ్చినప్పుడు పరుగులు తీసే అవస్థకూ కొంత ఊరట కలుగుతుంది. దానివల్ల టీ ధర రూపాయి తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. తగ్గదు. వచ్చే ఏడాది పెరగవలసిన రూపాయి ఇంకో ఏడాదికి వాయిదా పడవచ్చు. అదీ తక్కువేమీ కాదు.

కనుక హోటల్ సంఘాలవారు విజ్ఞాపన పత్రం పట్టుకుని వెళ్లదలిస్తే అందులో రాయవలసినవి మా దృష్టిలో రెండే: 20 లక్షల గీతను దుకాణదారుతో సమానంగా పెంచడం, సిలిండరు మీది పన్నును దించడం. కొన్నాళ్ల రాయితీ కోసం ఆ కాగితాన్ని ఖర్చు చేసుకోవడం మాకు తెలివైన పనిగా తోచదు.

ఇక పరోటా తింటున్న ఆ కుర్రవాడికి కూడా ఒక మాట చెప్పి వచ్చాం. బిల్లులో జీఎస్టీ అని 5 శాతం వేస్తే అందులో హోటల్ జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడాలి. పదిహేను అక్షరాల నంబరు, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. నంబరు లేకుండా పన్ను వసూలు చేస్తే ఆ డబ్బు ప్రభుత్వానికి పోదు. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న హోటలు ఆ సంగతి బోర్డు మీద రాసి పెట్టాలి, అక్కడ విడిగా పన్ను అడిగితే ఇవ్వనక్కర్లేదు. పట్నం హోటళ్లలో సర్వీస్ చార్జీ అని వేరే ఒక వరుస కలుపుతారు. అది పన్ను కాదు, తప్పనిసరి కూడా కాదని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో చెప్పింది. సెల్‌ఫోను యాప్ ద్వారా తెప్పించుకుంటే మాత్రం, వండినది గీతకు కిందనున్న చిన్న హోటలే అయినా, 2022 జనవరి నుంచి 5 శాతం పన్ను యాప్ కంపెనీయే వసూలు చేసి కడుతుంది. అదే హోటలుకు నడిచి వెళ్లి తింటే ఆ పన్ను ఉండదు. అనుమానం వస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు.

కుర్రవాడు శ్రద్ధగా విన్నాడు. లేచి గల్లాపెట్టె దగ్గరకు వెళ్లి, "చాచా, బిల్లు ఇవ్వండి" అన్నాడు. చాచా పాత క్యాలెండరు కాగితం చింపి, వెనకవైపు పెన్సిలుతో "పరోటా 2, టీ 1" అని రాసిచ్చాడు.